ఊరి సగటు బాగుంది, పల్లపు చేను పోయింది: పంట కోత ప్రయోగాల వెనక కథ

వరి ముంపును మళ్లీ పంటల బీమా పరిధిలోకి తెస్తున్నట్టు 2025 నవంబరులో కేంద్రం ప్రకటించాక గోదావరి డెల్టాలో పాత తగువు మళ్లీ పైకొచ్చింది. 'చేను మొత్తం నీళ్లలో వాలి మొలకలొచ్చింది, అయినా బీమా పైసా రాలేదు' అంటాడు పల్లపు రైతు. 'మీ ఊరి సగటు దిగుబడి హామీ దిగుబడి కంటే తగ్గలేదు' అంటుంది యంత్రాంగం. ఊరి సగటు ఆ గీత కంటే తగ్గితేనే పరిహారం. 2012 నవంబరులో నీలం తుపాను వానలకు సార్వా (ఖరీఫ్ వరి) మునిగినప్పుడూ, 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడూ బాధ ఇదే. ఊళ్లో కొన్ని మడుల్లో పంట కోసి తూచి ఊరి సగటు కట్టే పంట కోత ప్రయోగాలు సరిగ్గా చేయలేదనీ, సిబ్బంది చాలలేదనీ ప్రతిసారీ అనుకుంటాం. అసలు చిక్కు అంతకంటే లోతున ఉంది. నాలుగు మడుల నుంచి తీసిన నమూనా ఏ చేల గురించి చెప్పగలదు, ఏ చేల గురించి చెప్పలేదు అన్న దగ్గరే అంతా తేలిపోతుంది.

ముందు ప్రయోగం జరిగే తీరు చూడాలి. ఏ సర్వే నంబరులో కోయాలో యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక తేలుస్తుంది. ఆ చేనుకు నైరుతి మూల నిలబడి, పట్టికలో పడిన అంకె ప్రకారం పొడవునా ఇన్ని అడుగులు, వెడల్పునా ఇన్ని అడుగులు నడిచి మేకు పాతుతారు. అక్కడి నుంచి ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున తాడు బిగిస్తారు. కోత మడి ఇదే. తాడు కింద పడిన దుబ్బుల దగ్గరే పేచీ వస్తుంది. మొదలు సగానికి పైగా లోపలుంటేనే లెక్క, బయటి దుబ్బు వెన్ను లోపలికి వాలినా పనికిరాదు. కోసి, కొట్టి, తూర్పారబట్టి తూకం వేస్తారు. తేమ ఎంత పోతుందో విడిగా చూస్తారు. ఆ 25 చదరపు మీటర్లు ఎకరంలో 162వ వంతు. కాబట్టి ఇక్కడ కిలో తేడా వస్తే ఎకరాకు 162 కిలోలు, 75 కిలోల బస్తాల్లో రెండుకు పైమాటే. బీమా లెక్కకు ఊరు యూనిట్‌గా ఉన్నచోట ప్రధాన పంటకు ఇలాంటి ప్రయోగాలు కనీసం నాలుగు చేయాలి.

ఈ పద్ధతి పుట్టింది పరిహారం కోసం కాదు. 1920లలో బిహార్, ఒరిస్సాలో హబ్బాక్ అనే అధికారి వరి దిగుబడి అంచనాకు యాదృచ్ఛిక నమూనా వాడారు. ఆ తర్వాత గణాంక శాస్త్రవేత్తలు బెంగాల్‌లో మహలనోబిస్, వ్యవసాయ పరిశోధన మండలిలో సుఖాత్మే దాన్ని పెద్ద ఎత్తున నడిపారు. మడి ఎంత ఉండాలన్న దాని మీద 1940లలో వాళ్లిద్దరికీ గట్టి వాదమే జరిగింది. మడి మరీ చిన్నదైతే అంచు దుబ్బులు లోపలికి చేరి దిగుబడి ఎక్కువగా తేలుతుందని సుఖాత్మే చూపించారు. వాదం ఎంత నడిచినా ఇద్దరూ లెక్కగట్టాలనుకున్నది జిల్లాకో రాష్ట్రానికో ఎంత ధాన్యం పండిందన్నదే. ఫలానా రైతు గాదెలోకి ఎంత చేరిందో చెప్పడం వాళ్ల పని కాదు.

మలుపు 1979లో వచ్చింది. నా దృష్టిలో నేటి తగువుకు మూలం అక్కడే. అంతకుముందు 1972లో గుజరాత్‌లో హెచ్-4 రకం పత్తికి రైతు రైతుకీ విడిగా బీమా పెట్టి చూశారు. ఒక్కో చేనుకూ వెళ్లి నష్టం కట్టడం తలకు మించిన పనైంది. పుణె ఆర్థికవేత్త వి.ఎం. దండేకర్ ప్రాంతాన్నే యూనిట్‌గా తీసుకోమన్నారు. ఒకే తీరు నేల, ఒకే తీరు నీరు ఉన్నచోట కరువు వచ్చినా వరద వచ్చినా అందరికీ ఇంచుమించు ఒకేలా తగులుతుంది, కాబట్టి ప్రాంతం సగటును బట్టి అందరికీ ఒకే పరిహారం ఇవ్వవచ్చు అన్నది ఆయన వాదన. 1979లో మొదలైన ప్రయోగాత్మక పథకం ఈ బాటే పట్టింది. 1985, 1999 పథకాలూ, 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకమూ అదే దారిలో నడిచాయి. ఈ నడకలో 'ఒకే తీరు' అన్న షరతు జారిపోయి, రెవెన్యూ హద్దు మిగిలింది. మండలం నుంచి ఊరికి యూనిట్ కుదించారు కాబట్టి న్యాయం దగ్గరపడిందనుకున్నాం.

డెల్టాలో ఊరు ఒకే తీరుగా ఉంటుందా? కాలువ వైపు మెరక, మురుగు కాలువ వైపు పల్లం. మెరకలో వేసే రకాన్ని రైతు పల్లంలో వేయడు. ఊడ్పులు ఒకేసారి పడవు, కోతలూ ఒకేసారి రావు. సముద్రం పోటు మీదుంటే కౌశిక లాంటి డ్రెయిన్లు నీళ్లు దింపవు, ఎదురు తన్నుతాయి. అప్పుడు ఊరికి ఒక కొసన కోత మెషీన్ తిరుగుతుంటే, ఇంకో కొసన పనలు నీళ్లలో తేలుతుంటాయి.

ఉదాహరణకు ఒక ఊళ్లో వంద ఎకరాలకు 70 మెరక, 30 పల్లం అనుకుందాం. మెరక మడిలో 13 కిలోలు, మునిగిన పల్లంలో 5 కిలోలు తూగాయి. చేలను ఎంత నిజాయితీగా యాదృచ్ఛికంగా ఎంచినా, నాలుగు ప్రయోగాల్లో ఒక్కటీ పల్లంలో పడకపోయే అవకాశం 24 శాతం. అంటే దాదాపు నాలుగిట ఒకసారి ఊరికి ఎకరాకు 28 బస్తాలు పండినట్టు తేలుతుంది. రైతు అనుమానపడేది ఇక్కడే, ఆ అనుమానంలో తప్పు లేదు. ప్రయోగాలు పెంచితే ఈ ప్రమాదం తగ్గుతుంది కూడా.

ఇక నాలుగు కాదు, ఊళ్లోని ప్రతి మడీ కోసి తూచారనుకుందాం. అసలు సగటు 10.6 కిలోలు, ఎకరాకు సుమారు 23 బస్తాలు. హామీ దిగుబడి అంటే గత ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటులో 70, 80, 90 శాతాల్లో ఏదో ఒకటి. ఆ ఊరికి అది 20 బస్తాలైతే, ఒక్క గింజ తేడా లేని లెక్కలో కూడా పల్లపు రైతుకు దక్కేది సున్నా. ఇక్కడ నమూనాది తప్పు కాదు. రెండు వేర్వేరు సముదాయాలను ఒక్కటిగా కలిపి సగటు తీయడమే తప్పు.

చేను ఎంపిక తమ చేతుల్లో లేదని, నష్టపోయిన చేలల్లోనే కోయమంటే లెక్క అటువైపు తప్పుతుందని అధికారులు చెప్పేది సబబే. కంటికి కనిపించే నష్టాన్ని బట్టి ఎంచితే అది నమూనాయే కాదు. అయితే మెరకను, పల్లాన్ని సర్వే నంబర్ల వారీగా ముందే రెండు వర్గాలుగా విడదీసి, ఒక్కోదానిలో యాదృచ్ఛికంగా ఎంచి, పరిహారం కూడా విడివిడిగా కడితే ఆ అభ్యంతరం నిలవదు. ఏ నంబరు మునుగుతుందో ఊళ్లో అందరికీ తెలిసిందే.

2016 పథకంలో ముంపు నష్టాన్ని చేనుకు వెళ్లి విడిగా అంచనా వేసే వీలుండేది. మునిగిన పంటకు నష్టం తేల్చడం కష్టమని, దుర్వినియోగానికి ఆస్కారముందని 2018లో వరిని అందులోంచి తీసేశారు. డెల్టాకు ఉన్న ఆ ఒక్క కిటికీ అలా మూసుకుంది. 2026 సార్వా నుంచి అది మళ్లీ తెరుచుకుంటుంది. నష్టం జరిగిన 72 గంటల్లోగా ఫొటోలతో యాప్‌లో తెలపాలి. కరెంటు, సిగ్నల్ లేని తుపాను రోజుల్లో మూడు రోజుల గడువు తక్కువే.

ఇంకొకటుంది. కోనసీమలో చాలా చేలు దున్నేది కౌలు రైతులు. యజమాని సంతకం పెట్టక, కౌలుదారుకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రం అందకపోతే, ఎవరు ఏ పంట వేశారో నమోదు చేసే ఈ-పంటలో పేరు ఎక్కకపోతే, ముంపు దావాలో ఆ రైతు ఏ జాబితాలోనూ ఉండడు. కాబట్టి పల్లపు నంబర్ల జాబితాతో పాటు, వాటిని ఎవరు సాగు చేస్తున్నారో కూడా ఊడ్పుల నాటికే గ్రామసభలో చదివి రాసుకోవాలి.