కార్గో పైలట్ ఉద్యోగం: మనవైపు వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

"ఇండిగోలో రాకపోతే పోనీ, కార్గోలో అయినా పెట్టించండి సార్. మావాడికి సీపీఎల్ ఉంది కదా!" గుంటూరులో ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల దగ్గర ఈ మాట తప్పదు. సీపీఎల్ అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్. సరుకు విమానాలు నడుపుతూ, కొత్తవాళ్ల ఎంపికలో కూడా కూర్చుంటున్నాను కాబట్టి, అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

అపోహ: ప్యాసింజర్ వాళ్లు వద్దన్నవాళ్లకి కార్గోలో దొరుకుతుంది.

లైసెన్స్ ఒకటే, క్లాస్ 1 మెడికల్ (పైలట్ల ఆరోగ్య పరీక్ష) ఒకటే, టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడిపే అర్హత) ఒకటే. ఎమిరేట్స్‌లో ఇవాళ జనాన్ని తీసుకెళ్లిన 777 పైలటే రేపు రోస్టర్‌లో (డ్యూటీ పట్టికలో) పడితే అదే సంస్థ సరుకు విభాగమైన స్కైకార్గో 777 నడుపుతాడు. ఇండిగో ఏ321 సరుకు విమానాలకి కావలసిందీ ఏ320 కుటుంబం రేటింగే. అసలు చిక్కు లెక్కలో ఉంది. మన దేశంలో ప్యాసింజర్ జెట్లు వందల్లో ఉంటే, బ్లూ డార్ట్, క్విక్‌జెట్ లాంటి సంస్థల సరుకు విమానాలని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎవరో ఒకరు రిటైరైతేనో మానేస్తేనో ఖాళీ వస్తుంది. అది కూడా చాలాసార్లు రేటింగ్ ఉండి, జెట్ మీద గంటలున్నవాళ్లకే పోతుంది. 200 గంటలతో కొత్తగా సీపీఎల్ తెచ్చుకున్న కుర్రాడికి కార్గో దగ్గరి దారి కాదు, నిజానికి ఇంకాస్త ఇరుకు దారి.

అపోహ: 'కార్గో పైలట్ కోర్సు' అని వేరే ఉంటుంది.

లేదు. విజయవాడలో ఒక కన్సల్టెన్సీ వేసిన కరపత్రం నాకూ వాట్సాప్‌లో వచ్చింది. ఉద్యోగం గ్యారంటీ అట, సీటుకి అడ్వాన్స్ అట! మన దేశంలో పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ దగ్గర అలాంటి లైసెన్సే లేదు. ఉన్నది సీపీఎల్: 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు పైలట్-ఇన్-కమాండ్‌గా (విమానం బాధ్యత తనదే అయి) ఉండాలి, నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు పాసవ్వాలి. ఆపైన మల్టీ ఇంజన్, ఇన్‌స్ట్రుమెంట్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే) రేటింగ్. ప్రమాదకర సరుకుల శిక్షణ, లోడింగ్ శిక్షణ చేరాక కంపెనీయే ఇస్తుంది.

బీటెక్ ఉండాలన్నది కూడా అపోహే. ఇంటర్లో ఎంపీసీ చదివినవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. బైపీసీ పిల్లలు ఓపెన్ స్కూల్లో మ్యాథ్స్ రాసుకుని వచ్చినవాళ్లు బోలెడంత మంది. కళ్లజోడు ఉన్నా పర్వాలేదు, అద్దాలతో చూపు ప్రమాణానికి సరిపోతే చాలు. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే మాత్రం కష్టం. అందుకే చెప్పేది, పొలం అమ్మకముందే మెడికల్ చేయించండి. శిక్షణ ఖర్చు 50 లక్షల పైమాటే, టైప్ రేటింగ్ దానికి అదనం. ముందు పరీక్షకయ్యే కొద్ది వేలకి వెనకాడేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యం.

అపోహ: వెనక మనుషులు లేరు, పని తేలిక.

ఇంటర్వ్యూలో ఈ మాట నోరుజారి అన్నవాళ్లున్నారు. ఆ తర్వాత ప్రశ్నలు ఎటు తిరుగుతాయో చెప్తాను.

737-800 సరుకు విమానం దాదాపు 23 టన్నులు మోస్తుంది. రాత్రి ఒంటిగంటన్నరకి లోడ్‌షీట్ (బరువుల లెక్క కాగితం) చేతికొస్తుంది. చివరి నిమిషంలో వెనక ఉండాల్సిన బరువైన ప్యాలెట్ (సరుకు పేర్చిన పళ్లెం) ముందుకి మారింది. ఇప్పుడేమవుతుంది? గురుత్వ కేంద్రం ముందుకి జరుగుతుంది, ట్రిమ్ (తోక రెక్క సర్దుబాటు) మారాలి, మార్చకపోతే ముక్కు లేవడానికి మొరాయిస్తుంది. ఇది గడగడా చెప్పేవాళ్లు చాలామందే. "లోడ్‌షీట్ మళ్లీ తెప్పిస్తాను, అది వచ్చేదాకా కదలను" అనేవాళ్లు తక్కువ. మాకు కావలసింది వాళ్లే. 2013 ఏప్రిల్‌లో అఫ్గానిస్తాన్‌లోని బగ్రామ్‌లో 747 సరుకు విమానం కూలింది వాతావరణం వల్ల కాదు, ఇంజన్ వల్ల కాదు. లోపల సరిగ్గా బిగించని సైనిక వాహనం వెనక్కి జారి హైడ్రాలిక్స్‌నీ తోక నియంత్రణనీ దెబ్బతీసింది. ఏడుగురు పోయారు.

ఇంకోటి మంటలు. సరుకు విమానం మెయిన్ డెక్ మీద సాధారణంగా మంటలార్పే వ్యవస్థ ఉండదు. గాలి ఆపేసి, ప్రెషర్ వదిలేసి, ఆక్సిజన్ తగ్గించి మంటని అణచాలి. 2010 సెప్టెంబర్‌లో దుబాయ్ నుంచి బయల్దేరిన అమెరికా కొరియర్ సంస్థ యూపీఎస్ 747లో లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకుంటే కాక్‌పిట్ అంతా పొగ కమ్మి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. అందుకే నోటాక్ (విమానంలోని ప్రమాదకర సరుకుల వివరాలు పైలట్‌కిచ్చే) కాగితం మీద సంతకం పెట్టే ముందు ఏ సరుకు ఏ స్థానంలో ఉందో చదివే అలవాటుందా లేదా అని చూస్తాం.

అపోహ: రాత్రి నడిపి పగలు పడుకోవడమే కదా.

మే నెలలో బెజవాడలో పగలు పడుకుని చూడండి, తెలుస్తుంది. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య శరీరం ఎంత చెప్పినా వినదు. 2013 ఆగస్టులో అమెరికాలోని బర్మింగ్‌హామ్ దగ్గర తెల్లవారకముందే ల్యాండవుతూ కూలిన యూపీఎస్ ఏ300 దర్యాప్తులో అలసట పేరు వచ్చింది. అయినా అక్కడ 2014లో అమల్లోకొచ్చిన విశ్రాంతి నిబంధనల నుంచి సరుకు విమానాలని మినహాయించారు. నాకైతే అది ఇప్పటికీ మింగుడుపడదు. మన డీజీసీఏ 2025లో వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచింది, మంచి పని.

అపోహ: సిమ్యులేటర్‌లో బాగా నడిపితే ఉద్యోగం వచ్చినట్టే.

చెయ్యి తిరిగుండాలి, కాదనను. ఆటోపైలట్ లేకుండా ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాల సాయంతో రన్‌వేకి దిగడం), టేకాఫ్‌లో ఇంజన్ ఆగిపోవడం, ఇవన్నీ ఉంటాయి. మనవైపు పిల్లలు మాత్రం వేరే చోట దెబ్బతింటున్నారు. ఎడమ సీట్లో ఉన్న పరీక్షకుడు కావాలనే అప్రోచ్ (రన్‌వే వైపు దిగే క్రమం) చెడగొడతాడు. వెయ్యి అడుగుల దగ్గర వేగం ఎక్కువ, ఇంజన్లు ఐడిల్‌లో. కుర్రాడు చూస్తాడు, అర్థమవుతుంది, "సార్... స్పీడ్..." అని నసుగుతాడు. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని ఇంట్లో నేర్పింది అక్కడ అడ్డొస్తుంది. "అన్‌స్టేబుల్, గో అరౌండ్" (దిగడం కుదురుగా లేదు, మళ్లీ పైకి లేపండి) అని గట్టిగా అనాలి. అన్నందుకు ఎవరూ ఏమీ అనుకోరు, పైగా మార్కులు పడేది అక్కడే.

తెలుగు మీడియం అని దిగులు పడేవాళ్లకి: ఇంగ్లిష్‌లో ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) లెవల్ 4 చాలు. యాస గురించి కాదు, అవతలివాళ్లకి అర్థమవ్వాలి, అర్థం కాకపోతే మళ్లీ అడగాలి.

అపోహ: లాగ్‌బుక్‌లో గంటలు కాస్త అటూఇటూ రాసుకున్నా ఎవరూ చూడరు.

చూస్తారు. ఫ్లయింగ్ స్కూల్ విమానం టెక్‌లాగ్‌తో (విమానం ఎగిరిన లెక్కల పుస్తకంతో) పోల్చి చూస్తారు. 2011లో దొంగ మార్కుల జాబితాలతో ఏటీపీఎల్ (సీపీఎల్ కన్నా పై లైసెన్స్) తెచ్చుకున్న పైలట్లు దొరికిపోయారు, కేసులయ్యాయి, లైసెన్సులు పోయాయి. ఎదురుచూస్తున్న ఏడాదిలో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ గడువు దాటిపోనివ్వడం కూడా దాదాపు అంతే నష్టం. ఫోన్ వచ్చిన రోజు పేపర్లు చెల్లకపోతే మీ తర్వాతివాడిని పిలుస్తారు.

అపోహ: గన్నవరం ఎయిర్‌పోర్టు పెద్దదవుతోంది, ఇక్కడే ఉద్యోగాలొస్తాయి.

రన్‌వే పొడుగైనంత మాత్రాన సరుకు విమానాలు ఇక్కడ కాపురం పెట్టవు. అవి ఉండేది కొరియర్, ఈ-కామర్స్ మూటలు పోగయ్యే చోట: చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, ముంబై, ఢిల్లీ. మన మిర్చి టిక్కీలు (బస్తాలు) లారీల్లో రేవుకెళ్లి ఓడెక్కుతాయి, విమానం ఛార్జీ వాటికి గిట్టదు. చెన్నైలో ఇల్లు అద్దెకి తీసుకోవడానికి సిద్ధమైతేనే అప్లై చెయ్యండి. నోటీసులు కంపెనీల సొంత కెరీర్స్ పేజీల్లోనే పడతాయి, ఏజెంటు ఎవరూ అక్కర్లేదు.