మరచెంబులో సినిమా

విశాఖపట్నం,
కార్తీక మాసం.

చిరంజీవులైన నా మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో మనం అరకు వెళ్ళినప్పుడు చిన్నవాడు రైల్లో అడిగిన ప్రశ్నకు నేను ఆ పూట పూర్తిగా జవాబు చెప్పలేకపోయాను. బొడ్డవర దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెట్టింది. మొదటి సొరంగంలో పెట్టె అంతా చీకటైపోయినా వాడి చేతిలోని టాబ్లెట్‌లో సినిమా ఆడుతూనే ఉంది. ఆ సొరంగం దాటి, ఇంకొకటి దాటి, త్యాడ దగ్గర పడుతుండగా బొమ్మ నిలిచిపోయి, దాని మీద చిన్న చక్రం తిరగసాగింది. అప్పుడు వాడు, "తాతయ్యా, సొరంగంలోకి సిగ్నల్ రాదు కదా, మరి సినిమా సొరంగంలోకి రాగానే ఆగిపోవాలి కానీ కాసేపు ఆడి ఎందుకు ఆగింది? అయినా ఇది నిన్న ఇంట్లో చూసిన సినిమాయే, టాబ్లెట్ లోపల ఉండాలి కదా, ఎక్కడికి పోయింది?" అని అడిగాడు. పెద్దవాళ్ళమందరం సిగ్నల్ లేదని విసుక్కుంటూ ఉంటే, వాడొక్కడే ఆ ఆగడం ఆలస్యంగా జరిగిందని గమనించాడు. ఆ చూపు నాకెంతో ముచ్చట కలిగించింది. అందుకే ఇప్పుడు తీరికగా కూర్చుని రాస్తున్నాను.

దీనికి జవాబు మన పెరటి కొళాయి దగ్గర ఉంది. మన వీధికి నీళ్ళు పొద్దున్న ఒక్కసారే వస్తాయని మీకు తెలుసు. వస్తున్నంతసేపూ దాని కింద దోసిలి పట్టి తాగవచ్చు, బిందెతో పని లేదు. నెట్‌లో సినిమా చూడడం కూడా అలాంటిదే. సినిమా ఎక్కడో దూరాన, పెద్ద ట్యాంకుల వంటి కంప్యూటర్లలో ఉంటుంది. అక్కడి నుంచి ధారగా వస్తూ ఉంటే టాబ్లెట్ దోసిలి పట్టి, పట్టింది పట్టినట్టు మీకు చూపిస్తుంది. ధార కాస్త సన్నబడినంత మాత్రాన బొమ్మ ఆగిపోకూడదని, మీరు చూస్తున్న చోటికంటే కొంచెం ముందుదాకా తెచ్చి దోసిట్లో ఉంచుకుంటుంది కూడా. సొరంగంలో కొళాయి ఆగిపోయినా ఆ దోసిట్లో ఉన్నంతవరకు సినిమా ఆడింది. అదీ అయిపోయాక చక్రం తిరిగింది. ఇక నిన్నటి సినిమా ఎక్కడికి పోయిందంటే, నిన్న దోసిలితో తాగిన నీళ్ళు ఇవాళ దోసిట్లో ఉండవు కదా. చూపించడం అయిన ముక్కను టాబ్లెట్ వదిలేస్తుంది.

మనం వెళ్ళిన కొత్తవలస–కిరండూల్ మార్గంలో 58 సొరంగాలున్నాయి. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని మన విశాఖ రేవుకు తేవడానికి 1960ల్లో తూర్పు కనుమలను తొలిచి ఈ దారి వేశారు. అటువంటి దారిలో దోసిలిని నమ్ముకుని ప్రయాణం చేయలేం. కొళాయి సొరంగాల్లోనే ఆగుతుందని కూడా అనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద విరుచుకుపడినప్పుడు, కరెంటూ ఫోన్లూ లేకుండా రోజులు గడిపాము.

ప్రయాణానికి మరచెంబు కావాలి. మీరు దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు. అటక మీద ఇత్తడిది ఒకటి ఉంది, సంక్రాంతికి వచ్చినప్పుడు దింపి చూపిస్తాను. చెంబు మెడకు మరలుంటాయి, మూత తిప్పి బిగిస్తే బొట్టు కారదు. నా చిన్నప్పుడు వేసవి సెలవులకు భీమిలి దగ్గరి మా ఊరి నుంచి విజయనగరం దాకా బస్సులో వెళ్ళి, అక్కడ ప్యాసింజరు ఎక్కి, బొబ్బిలి వైపున్న అమ్మమ్మగారింటికి వెళ్ళేవాళ్ళం. మా అమ్మ ముందు రోజు రాత్రే చెంబు నిండా నీళ్ళు పోసి, మూత బిగించి, పీట మీద తలకిందులుగా నిలబెట్టేది. తెల్లవారి లేచాక పీట తడిసిందేమోనని వేలితో తడిమి చూసిన తరువాతే దాన్ని సంచిలో పెట్టేది. నాకు పదేళ్ళప్పుడు ఒకసారి ఆ పని నాకు అప్పగించింది. నేను రాత్రి ఆటలో పడి మరిచిపోయి, పొద్దున్న హడావిడిగా నింపి, మర సరిగా పడిందో లేదో చూడకుండా సంచిలో పెట్టేశాను. విజయనగరం చేరేసరికి బట్టలన్నీ తడిసి, చెంబు ఖాళీ అయిపోయింది. దారిలోని స్టేషన్లలో రైలు ఆగే ఒక్కో నిమిషంలో దిగి నీళ్ళు తేవడానికి అమ్మ ఎవరినీ పంపలేదు. బొబ్బిలి దాకా మా చెల్లెలు దాహం, దాహం అని ఏడుస్తూనే ఉంది. అరవై ఏళ్ళు దాటినా ఆ ఏడుపు నా చెవిలో ఉంది.

మీ టాబ్లెట్‌ను మరచెంబుగా నింపడానికి రెండు దారులున్నాయి. మొదటిది, మీ అమ్మ డబ్బు కట్టి తీసుకున్న యాప్‌లో సినిమా పక్కన ఉండే డౌన్‌లోడ్ గుర్తును ఇంట్లో వైఫై ఉన్నప్పుడే నొక్కడం. అయితే ఆ చెంబు మూతకు కంపెనీవారి తాళం ఉంటుంది. ఆ సినిమా ఆ యాప్‌లో తప్ప తెరుచుకోదు, ఇంకో చోటికి మార్చినా ఆడదు, చాలా వాటికి గడువు కూడా ఉంటుంది. గడువు దాటితే మళ్ళీ నెట్ కావాలి. బయలుదేరే ముందు రోజు ఆ గడువు చూసుకుంటే సరిపోతుంది. రెండో దారి, కంప్యూటర్‌లో ఉన్న మన సొంత వీడియోను కేబుల్ ద్వారా టాబ్లెట్‌లోకి పోసుకోవడం. నాకిష్టమైనది ఇదే, ఎందుకంటే ఇందులో ఏం జరుగుతోందో మనకు కనిపిస్తుంది.

పోసే ముందు ఎన్ని నీళ్ళో తెలియాలి. రెండున్నర గంటల సినిమా అంటే 9,000 సెకన్లు. సెకనుకు 24 బొమ్మల చొప్పున మొత్తం 2,16,000 బొమ్మలు. మా ఊరి డేరా టాకీసుకు ఆ బొమ్మలన్నీ రేకు డబ్బాల్లో, బస్సు టాపు మీద ఎక్కి వచ్చేవి. ఫిలిం అడుగుకు 16 బొమ్మలుంటాయి కనుక ఆ సినిమా పొడవు 13,500 అడుగులు, అంటే నాలుగు కిలోమీటర్ల పైమాట. రీలుకు వెయ్యి అడుగుల చొప్పున చుడితే పద్నాలుగు రీళ్ళు, ఒక్కొక్కటి పదకొండు నిమిషాలు. ఒకే ప్రింటును రెండు ఊళ్ళ వాళ్ళు పంచుకున్నప్పుడు, అక్కడ ఆడిన రీళ్ళను సైకిలు మీద ఇక్కడికి తెచ్చేవారు. వానలో సైకిలు ఆలస్యమైతే తెర తెల్లగా నిలబడేది, మేమందరం ఇసుకలో కూర్చుని ఆ సైకిలు గంట కోసం చెవులు రిక్కించి వినేవాళ్ళం. చిన్నవాడా, నీ చక్రం తిరిగినట్టే మాకూ ఆగేది. మా కొళాయి ఆ సైకిలు.

ఇప్పుడు ఆ బొమ్మలు రేకు డబ్బాలో కాక అంకెలుగా వస్తున్నాయి. ఒక బొమ్మలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటే మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగు రాయడానికి మూడు బైట్లు పడతాయి. ఇలా అన్ని బొమ్మలనూ ఉన్నదున్నట్టు రాస్తే సినిమా ఒక్కటే 1,340 జీబీల దాకా వస్తుంది. జీబీ అంటే వంద కోట్ల బైట్లు. మీ టాబ్లెట్‌లో అంత చోటు లేదు. కానీ సెకనుకు 2 మెగాబిట్ల, అంటే 20 లక్షల బిట్ల చొప్పున తయారుచేసిన ఫైలు 2.25 జీబీలే ఉంటుంది. బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ రాసే ఒక్క అంకె, అటువంటి ఎనిమిది బిట్లు ఒక బైటు అని గుర్తుంచుకుని కాగితం మీద మీరే లెక్క వేసి చూడండి. ఇంత తేడా ఎలా వచ్చిందంటే, పెళ్ళి పందిరి ముందు పురోహితుడు చేయి కదిపితే పందిరి కదలదు. కదలని పందిరిని ప్రతి బొమ్మలోనూ మళ్ళీ మళ్ళీ రాయకుండా, చేయి ఎటు కదిలిందో అంతవరకే రాసుకుంటారు. మన కంటికి ఆనని చిన్న చిన్న తేడాలను విడిచిపెడతారు. 2003లో వచ్చిన హెచ్.264 అనే పద్ధతి ఇలా రాస్తుంది, దాదాపు అన్ని టాబ్లెట్లూ దాన్ని చదవగలవు. 2013లో వచ్చిన హెచ్.265లో ఫైలు ఇంకా చాలా చిన్నదవుతుంది కానీ పాత టాబ్లెట్లలో మాట వినిపించి బొమ్మ తడబడవచ్చు. అటువంటప్పుడు హెచ్.264లోకి మార్చుకోవడం మేలు.

ఇక పోసే పద్ధతి. టాబ్లెట్‌ను కంప్యూటర్‌కు కేబుల్‌తో కలిపి, తెర తాళం తీయండి. మీ ఆండ్రాయిడ్ టాబ్లెట్ మొదట ఛార్జింగ్ మాత్రమే చేసుకుంటుంది. పైనుంచి వేలితో కిందికి లాగితే వచ్చే సూచనల్లో యూఎస్‌బీ అన్న దాన్ని నొక్కి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోవాలి. అప్పుడు కంప్యూటర్‌లో టాబ్లెట్ కనిపిస్తుంది. అందులోని మూవీస్ ఫోల్డర్‌లో వీడియోను కాపీ చేయండి. మాటలు కింద అక్షరాల్లో వచ్చే ఎస్‌ఆర్‌టి ఫైలు ఉంటే, దానికీ వీడియోకూ ఒకే పేరు పెట్టి పక్కపక్కనే ఉంచండి. కాపీ పూర్తయ్యేవరకు కేబుల్ లాగకూడదు.

అమ్మలూ, మొన్న ఫోనులో నువ్వు చెప్పిన చిక్కు కూడా నాకు గుర్తుంది. పెద్దత్త పెళ్ళి వీడియో 5 జీబీ, మెమరీ కార్డు 32 జీబీ, కార్డంతా ఖాళీగా ఉన్నా, "ఫైలు పెద్దదైపోయింది, పట్టదు" అన్నది కంప్యూటర్. నువ్వు కార్డు పాడైందనుకున్నావు. కార్డు బాగానే ఉంది. ఎంత పెద్ద తొట్టి అయినా, ఒక్కో బిందెలో ఎన్ని నీళ్ళున్నాయో రాసుకునే పుస్తకం ఒకటి ఉంటుందనుకో, ఆ పుస్తకంలో గడి చిన్నది. ఆ కార్డు ఫ్యాట్32 అనే పద్ధతిలో లెక్క రాసుకుంటుంది. ఒక ఫైలు పరిమాణం రాయడానికి అందులో 32 బిట్ల గడి ఉంది. ఆ గడిలో రాయగల అతి పెద్ద అంకె 4,29,49,67,295. అంతకు ఒక్క బైటు ఎక్కువైనా రాసుకోలేదు కనుక తీసుకోదు. 64 జీబీ, ఆ పైన వచ్చే కార్డులు మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఉంటాయి, వాటికి ఈ ఇబ్బంది లేదు. నువ్వు ప్రస్తుతానికి వీడియోను రెండు భాగాలు చేసుకో, లేదా కార్డులో కాకుండా టాబ్లెట్ సొంత మెమరీలో పెట్టుకో.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నిన్న విడుదలైన సినిమాను పెన్‌డ్రైవ్‌లో ఇస్తానని ఎవరైనా అంటే తీసుకోకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం మన దేశంలో సినిమా హక్కును విడుదల తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళపాటు దాని నిర్మాతకు ఇచ్చింది. ఎండలో లైట్లు మోసినవారి కూలి కూడా ఆ టికెట్ డబ్బులోంచే రావాలి. మన ఇంటి వీడియోలు మనవి, వాటిని ఎన్నిసార్లయినా కాపీ చేసుకోండి.

నింపాక పీట మీద తలకిందులుగా పెట్టడం మరవవద్దు. బయలుదేరే ముందు రోజు రాత్రి టాబ్లెట్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వీడియోను మొదట్లో, మధ్యలో, చివర్లో కాస్త కాస్త ఆడించి, మాట సరిగా వినిపిస్తోందో లేదో చూడండి. పీట తడిసిందంటే సరిచేసుకోవడానికి ఇంకా రాత్రంతా ఉంటుంది. చెంబు నిండా నీళ్ళున్నాయి కదా అని దారంతా తాగనక్కరలేదు. మళ్ళీ అరకు వెళ్ళినప్పుడు త్యాడ నుంచి బొర్రా వరకు టాబ్లెట్ మూసి కిటికీ దగ్గర కూర్చోండి, సొరంగం సొరంగానికి మధ్య ఆ లోయ కనిపించేది కొద్ది క్షణాలే. తిరుగు ప్రయాణంలో చీకటి పడ్డాక సినిమా చూద్దాం, నేనూ మీ పక్కన కూర్చుంటాను.

ఇంతవరకు నీళ్ళ పోలికతో నెట్టుకొచ్చాను కానీ, ఒక చోట అది నన్ను విడిచిపెట్టేసింది. బిందెలోంచి చెంబులో పోస్తే బిందె వెలితి పడుతుంది. కంప్యూటర్‌లోంచి టాబ్లెట్‌లో ఎంత పోసినా కంప్యూటర్‌లో ఒక్క బొట్టు తగ్గదు. పెద్దత్త పెళ్ళి 1992లో జరిగింది. దాని క్యాసెట్ మన ఇంట్లో ఒక్కటే ఉండేది, చూస్తామని అడిగిన బంధువులందరికీ మీ నాయనమ్మ ఇచ్చేది. దాని నుంచి ఇంకో క్యాసెట్ తీస్తే బొమ్మ మసకబారేది, ఆ కాపీకి కాపీ తీస్తే ముఖాలే ఆనేవి కావు. చివరికి అసలు క్యాసెట్ బూజు పట్టి మన ఇంటికి చేరింది. స్టూడియోలో శుభ్రం చేయించి ఫైలుగా మార్పించాను కాబట్టి దక్కింది. అందులో మీ నాయనమ్మ పందిరి ముందు ముగ్గు వేస్తూ, కెమెరాను చూసి కొంగు సర్దుకుంటుంది.

కాపీ అయ్యాక మీరిద్దరూ ఒక పని చేయండి. కంప్యూటర్‌లో ఆ ఫైలు మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో ఎన్ని బైట్లో కాగితం మీద రాయండి. తరువాత టాబ్లెట్‌లోని ఫైలుకు కూడా అలాగే చూసి దాని కింద రాయండి. పది అంకెల ఆ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి పోల్చి చూసి, నాకు ఫోను చేయండి.

ఇట్లు,
మీ తాతయ్య