సగటులో కలిసిపోయిన రోగులు: అల్జీమర్స్ ట్రయల్స్‌లో మేలును ఎలా కొలుస్తూ వచ్చారు

2022 నవంబరులో లెకానెమాబ్ అనే అల్జీమర్స్ మందు ట్రయల్ ఫలితాలు వెలువడ్డాయి. జబ్బు తొలి దశలో ఉన్న 1,795 మందిని 18 నెలలు గమనించారు. సీడీఆర్-ఎస్‌బీ అనే స్కోరు ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) తీసుకున్నవాళ్లకు సగటున 1.66, మందు తీసుకున్నవాళ్లకు 1.21 పెరిగింది. ఈ స్కోరు పెరిగితే జబ్బు ముదిరినట్టు. తేడా 0.45. అదే జబ్బు ‘27 శాతం’ నెమ్మదించినట్టుగా ప్రచారమైంది. అది రోగికి తెలిసే మేలేనా అన్న వాదన నేటికీ తెగలేదు. తెగకపోవడానికి పెద్ద కారణం, ఆ సగటులో ఎలాంటి మనుషులు కలిసిపోయారన్నది.

స్కోరు ఎలా పుడుతుందో దగ్గర్నుంచి చూస్తే ఇది అర్థమవుతుంది. జ్ఞాపకం, స్థలకాలాల స్పృహ, నిర్ణయశక్తి, బయటి వ్యవహారాలు, ఇంటిపనులూ అభిరుచులూ, సొంత శుభ్రత అని ఆరు అంశాలుంటాయి. ఒక్కోదానికి 0, 0.5, 1, 2, 3లలో ఒకటి వేస్తారు. శుభ్రతకు మాత్రం 0.5 లేదు. గరిష్ఠం 18. అంటే ఏ రోగి స్కోరైనా కదిలితే కనీసం అర పాయింటు కదులుతుంది, 0.45 ఎవరికీ రాదు. పైగా రోగితో పాటు దగ్గరివాళ్లను కూడా అడిగి స్కోరు వేస్తారు. డబ్బు లెక్కలు చూసుకోగలుగుతున్నారా అని అడిగితే కలిసి ఉంటున్న భార్య చెప్పేది ఒకటి, వారానికోసారి వచ్చే కొడుకు చెప్పేది ఒకటి. అసలు ఆ లెక్కలు ఎప్పుడూ చూడని మనిషిలో ఆ లోపం బయటపడేదే ఆలస్యంగా.

ఈ చిక్కు పాతదే. 1984లో వచ్చిన నిర్ధారణ ప్రమాణాల ప్రకారం బతికున్న మనిషికి ‘అల్జీమర్స్ కావచ్చు’ అనే చెప్పగలిగేవారు. రూఢి కావాలంటే మెదడు కణజాలాన్ని పరీక్షించాల్సిందే, అది ఎక్కువగా మరణం తర్వాతే జరిగేది. అదే ఏడాది జ్ఞాపకశక్తినీ ఆలోచననూ కొలిచే 70 పాయింట్ల అడాస్-కాగ్ పరీక్ష వచ్చింది. 1993లో టాక్రిన్, 1996లో డొనెపెజిల్ అమెరికాలో అనుమతి పొందింది ఈ కొలబద్ద మీదే. జబ్బు మధ్యస్థంగా ఉన్నవాళ్లలో అది చక్కగా పనిచేస్తుంది. తొలి దశవాళ్లు మాత్రం వస్తువుల పేర్లు, సూచనలు పాటించడం వంటి అంశాల్లో తప్పే చేయరు. తప్పు లేని చోట మందు తగ్గించేదేముంటుంది? మేలు ఉన్నా ఆ అంశాల్లో కనబడదు.

అసలు దెబ్బ 2012లో తగిలింది. బాపినూజుమాబ్, సొలానెజుమాబ్ రెండూ పెద్ద ట్రయల్స్‌లో విఫలమయ్యాయి. రెండూ అమిలాయిడ్ మీద, అంటే అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే ప్రోటీన్ మీద, గురిపెట్టిన మందులు. బాపినూజుమాబ్ ట్రయల్స్‌లో కొందరికి పెట్ స్కాన్ తీస్తే, అల్జీమర్స్ ముప్పు పెంచే ఏపీఓఈ4 జన్యువు లేనివాళ్లలో 36 శాతం మందికి మెదడులో చెప్పుకోదగ్గ అమిలాయిడే లేదు. లేనిదాన్ని ఏ మందు తీసేస్తుంది?

దీని నష్టం ఎంతో లెక్క వేద్దాం. అసలైన రోగులకు 0.6 పాయింట్ల మేలు జరుగుతుందనుకోండి. చేరినవాళ్లలో నాలుగోవంతుకు ఆ జబ్బే లేకపోతే సగటు మేలు 0.45కి పడిపోతుంది. తేడా తగ్గినకొద్దీ దాని వర్గానికి విలోమంగా రోగుల సంఖ్య పెరగాలి కనుక, 100 మంది సరిపోయే చోట సుమారు 178 మంది కావాలి.

దాంతో స్కాన్‌తోనో వెన్నునీటి పరీక్షతోనో అమిలాయిడ్ ఉన్నట్టు రుజువైతేనే చేర్చుకోవడం మొదలైంది. అది ఒక్కటే చాలదని సొలానెజుమాబే చూపించింది. పాత ట్రయల్స్‌ను తిరగేస్తే స్వల్ప దశవాళ్లలో మేలు ఉన్నట్టు కనిపించింది. వాళ్లనే, అమిలాయిడ్ ఉన్నవాళ్లనే 2,129 మందిని తీసుకుని మళ్లీ పరీక్షించారు. 2016లో అదీ విఫలమైంది. ఫలితాలొచ్చాక ఏరిన గుంపును నమ్ముకుంటే ఇలాగే అవుతుంది.

2023లో డొనానెమాబ్ అనే మరో అమిలాయిడ్ మందు ట్రయల్ వాళ్లు, జబ్బు ముదిరేకొద్దీ మెదడులో పెరిగే టావ్ ప్రోటీన్ ఎంత పేరుకుందో ముందే కొలిచి రోగులను విడదీశారు. ఆలోచననూ రోజువారీ పనులనూ కలిపి కొలిచే ఐఏడీఆర్ఎస్ స్కోరు మీద, టావ్ తక్కువ-మధ్యస్థంగా ఉన్నవాళ్లలో జబ్బు 35 శాతం నెమ్మదించింది. టావ్ ఎక్కువున్నవాళ్లనూ కలిపితే 22 శాతమే. జబ్బు ఎంత దూరం వెళ్లిందన్నది ఫలితాన్ని ఇంతగా మారుస్తోంది.

శాతాల విషయంలో జాగ్రత్త అవసరం. అదే 0.45 తేడా, ప్లాసిబో గుంపు 0.9 దిగజారిన ట్రయల్‌లో 50 శాతం అవుతుంది, 3 దిగజారినచోట 15 శాతం. మందు మారలేదు, రోగులు మారారు. అందుకే ప్లాసిబో గుంపు ఎంత దిగజారిందో చూడకుండా రెండు మందుల శాతాలను పక్కపక్కన పెట్టడం తప్పు.

లెకానెమాబ్‌లో మగవాళ్లకు 43 శాతం, ఆడవాళ్లకు 12 శాతం అన్న అంకెలు చాలామందిని కలవరపెట్టాయి. కలవరం న్యాయమైనదే, కానీ ట్రయల్ ఆ ప్రశ్న తేల్చడానికి సరిపడా రోగులతో రూపొందింది కాదు. చిన్న గుంపుల్లో అంకెలు అటూ ఇటూ ఊగుతాయి. ఏపీఓఈ4 రెండు ప్రతులున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లలో స్కోరు ప్లాసిబో వైపే మొగ్గింది. అది కాకతాళీయం కావచ్చు, కానీ మందు తీసుకున్న అలాంటి వాళ్లలో 32.6 శాతం మందికి మెదడు వాపు కనిపించింది. జన్యువు లేనివాళ్లలో అది 5.4 శాతం. మొదట తిరస్కరించిన యూరప్ మందుల సంస్థ 2024 నవంబరులో ఈ రెండు ప్రతులవాళ్లను మినహాయించి అనుమతికి సిఫారసు చేసింది. మిగిలిన 1,521 మందిలో స్కోరు పెరుగుదల మందుతో 1.22, ప్లాసిబోతో 1.75. అదే ట్రయల్, అవే రికార్డులు. ఒక గుంపు పక్కకు తప్పుకోగానే 0.45 కాస్తా 0.53 అయింది.