మూడడుగుల ఎత్తు: చెన్నై బస్సు మెట్టు వెనక కథ

మా మామయ్య ఎక్కడికి వెళ్లినా జేబులో టేపు పెట్టుకుని వెళ్తాడు. మేస్త్రీల దగ్గర ఉంటుందే, చుట్టుకుపోయే ఇనుప టేపు, అది. కొత్త చోటికి వెళ్తే ముందు గుమ్మం మెట్టు కొలుస్తాడు, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. నెల్లూరు నుంచి మద్రాసుకి వచ్చి పెరంబూరులో స్థిరపడి యాభై ఏళ్లు కావస్తోంది. ఇన్నేళ్లలో సిటీ బస్సు ఎక్కింది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తాడు. ఎక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు చంకల కింద చేతులు వేసి ఎత్తినవే.

ఆ బస్సు అంత ఎత్తుగా ఎందుకుండేదన్న దగ్గరే ఈ కథ మొదలుపెట్టాలి. మన దేశంలో చాలాకాలం బస్సుకంటూ వేరే చట్రం లేదు. లారీ చట్రం మీదే పైన బాడీ కట్టేవారు. లారీకి ఎత్తు కావాలి, బరువు మోయాలి, గతుకుల్లో దిగబడకూడదు. దాని మీద సీట్లు బిగించి జనాన్ని ఎక్కిస్తే నేల ఇంచుమించు మూడడుగుల పైన ఉంటుంది. దానికి మూడు మెట్లు, మధ్యలో ఒక కడ్డీ. 1972లో నగరం బస్సులు నడిపే పల్లవన్ రవాణా సంస్థ పుట్టినప్పుడూ అదే బస్సు, దాని పేరు ఎంటీసీగా మారాక కూడా చాలా ఏళ్లు అదే బస్సు. చక్రాల కుర్చీ సంగతి అలా ఉంచండి, చీర కట్టుకున్న ముసలమ్మ కూడా ఆ మొదటి మెట్టు మీదికి మోకాలు పట్టుకునే ఎక్కాలి.

మా మామయ్య లాంటివాళ్లకి అప్పట్లో ఊళ్లో దొరికినవి కాళ్లకి బిగించుకునే ఇనుప క్యాలిపర్లు, చంకకర్రలు, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి. తర్వాత పక్కచక్రాలు బిగించిన స్కూటర్లు వచ్చాయి. తమిళనాడు ప్రభుత్వం అర్హులకి వాటిని ఉచితంగా ఇస్తుంది కూడా. మామయ్యకీ ఒకటి ఉంది, దాని మీద పూలదండ వేసి ఆయుధపూజ చేస్తాడు. మంచి పథకమే, కాదనను. కానీ నాకు దీంట్లో ఒక వింత కనపడుతుంది. బస్సు ఎక్కలేని మనిషికి వేరే బండి ఇచ్చాం, బస్సుని మాత్రం అలాగే వదిలేశాం. చాలాకాలం ఈ నగరం ఆలోచన ఇదే. మనిషికి సాయం చేద్దాం, మెట్టు జోలికి మాత్రం వద్దు.

నగరంలో పని చేసేవాళ్లు లేక కాదు. కోట్టూర్‌పురంలోని విద్యాసాగర్ సంస్థ 1985లో స్పాస్టిక్స్ సొసైటీ పేరుతో మొదలైంది. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలికలు అదుపులో ఉండని స్థితి, ఉన్న పిల్లల చదువుతో మొదలైన ఆ పని పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి హక్కుల దాకా వెళ్లింది. చదువు చెప్పారు సరే, ఉద్యోగానికి ఎలా వెళ్లాలి?

1995లో ఒకదాని వెంట ఒకటి రెండు సంగతులు జరిగాయి. నవంబర్‌లో బీచ్ నుంచి చేపాక్ దాకా ఎంఆర్‌టీఎస్ అనే నగర రైలు మొదలైంది. ఆ లైన్లో చాలా స్టేషన్లు నేల మీద కావు, స్తంభాల మీద, బ్రహ్మాండమైన కాంక్రీటు భవనాల్లా ఉంటాయి. టికెట్టు కింద, రైలు పైన, మధ్యలో మెట్లు. మరుసటి నెలలోనే పార్లమెంటు వికలాంగుల చట్టం చేసింది. రవాణా, రోడ్లు, భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలని ఈ దేశంలో చట్టం రూపంలో చెప్పింది అదే మొదటిసారి. చట్టం వచ్చేసరికి స్తంభాలు లేచిపోయి ఉన్నాయి. కాంక్రీటు ఒకసారి గట్టిపడ్డాక చట్టం దాన్ని కరిగించలేదు.

పైగా ఆ చట్టంలోనే ఒక తలుపు తెరిచి ఉంచారు. ప్రభుత్వాలు ఈ ఏర్పాట్లు చేయాలి, అయితే 'తమ ఆర్థిక శక్తి, అభివృద్ధి పరిమితుల మేరకు' అన్నారు. ఆఫీసుల్లో పని చేసినవాళ్లకి ఈ మాట అర్థం వివరించక్కర్లేదు. డబ్బుల్లేవని రాస్తే ఫైలు మూతపడుతుంది.

2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది, 2007లో మన దేశం దానికి కట్టుబడతానంది. దాని ప్రకారం పాత చట్టాన్ని పక్కన పెట్టి 2016లో కొత్తది తెచ్చారు, 2017 ఏప్రిల్ నుంచి అమలు. 7 రకాల వైకల్యాల జాబితా 21కి పెరిగింది. భవనాల విషయంలో ఆ 'ఆర్థిక శక్తి' మాట పోయింది. ప్రమాణాలు పాటించని ప్లానుకి అనుమతి ఇవ్వకూడదు. జనం వాడే పాత భవనాల్ని అయిదేళ్లలో మార్చాలి. పాత వాహనాల దగ్గర మాత్రం సాంకేతికంగా వీలైతే, ఖర్చు గిట్టుబాటైతే అన్న షరతులు ఉండిపోయాయి. కాబట్టి పట్టుబట్టాల్సింది కొత్త బస్సు కొనేటప్పుడే. ఒకసారి కొన్నారంటే పదేళ్లకి పైగా రోడ్డు మీద తిరుగుతుంది.

చెన్నైలో పట్టుబట్టింది సరిగ్గా అక్కడే. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే ది బన్యన్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన వైష్ణవి జయకుమార్ మద్రాసు హైకోర్టులో వ్యాజ్యం వేశారు. కొత్తగా కొనే బస్సులు వీల్‌చెయిర్ ఎక్కేలా, అంటే నేల 400 మిల్లీమీటర్ల ఎత్తుకి మించకుండా ఉండాలన్నది వాదన. మామూలు బస్సు ఎత్తులో ఇది సగం కూడా కాదు. ప్రభుత్వం వైపు నుంచి ఖర్చు ఎక్కువన్నారు, రోడ్లు ఇరుకన్నారు, వానాకాలంలో నీళ్లు నిలుస్తాయన్నారు. ఆఖరిది పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు. డిసెంబర్‌లో మా వీధిలో మోకాలి లోతు నీళ్లలో నడిచినవాణ్ని నేను. కానీ నీళ్లు నిలిస్తే బాగుచేయాల్సింది కాలవని కదా!

కేసు ఏళ్ల తరబడి సాగింది. చివరికి 2024 ఆగస్టులో 58 లోఫ్లోర్ బస్సులు, అంటే నేల కిందికి ఉండేవి, రోడ్డెక్కాయి. 2025 జూన్ చివర్లో వ్యాసర్‌పాడి డిపో నుంచి 120 ఎలక్ట్రిక్ లోఫ్లోర్ బస్సులు బయల్దేరాయి. మధ్యలో 2015లో వచ్చిన మెట్రో రైలులో లిఫ్టులు, పసుపు టైల్స్ మొదటి రోజు నుంచే ఉన్నాయి, ఎందుకంటే అది కట్టేనాటికి అడిగేవాళ్లున్నారు.

పసుపు టైల్స్ అంటే గుర్తొచ్చింది. అవి అలంకారం అనుకునేవాళ్లు చాలామంది. జపాన్‌లో సెయిచీ మియాకే అనే ఆయన 1965లో వీటిని తయారుచేశాడు, 1967లో ఒకయామాలో మొదట పరిచారు. పొడుగు గీతలుంటే ముందుకి నడవమని, గుండ్రటి బొడిపెలుంటే ఆగమని. చూపు లేనివాళ్లు అరికాలితో, కర్రతో చదువుకునే లిపి అది. మన రోడ్ల పక్క ప్లాట్‌ఫారాల మీద ఈ గీతల వెంట పది అడుగులు వేయండి. చాలాచోట్ల అది తిన్నగా కరెంటు వాళ్ల ఈబీ పెట్టె దగ్గరికో, చెట్టు మొదట్లోకో తీసుకెళ్తుంది. అక్షరాలు తెలియని మనిషి చేత బోర్డు రాయించినట్టుంటుంది ఆ పని.

మెట్ల బదులు వాలుగా కట్టే ర్యాంపుల కథా ఇలాంటిదే. లెక్క సులువు, ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. ఒకసారి ఒక బ్యాంకుకి వెళ్లాం. అరుగు అడుగున్నర ఎత్తు, అంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. అక్కడ నాలుగడుగుల్లో ముగించేశారు, పైన నున్నటి గ్రానైట్. మామయ్య టేపు చుట్టేసి, "అబ్బయా, ఇది నాకోసం కట్టింది కాదు, మేనేజరు స్కూటర్ కోసం" అన్నాడు.

ఈ నాలుగడుగుల ర్యాంపుల మీద కూడా తీర్పు ఉంది. చూపు లేని రాజీవ్ రతూరి 2005లో వేసిన వ్యాజ్యంలో 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చివరికి అసలు లోపం పట్టుకుంది. చట్టం 'తప్పనిసరి' అంటుంటే, దాని కింద రాసిన 15వ నిబంధన సూచనలతో సరిపెట్టిందని, అది చెల్లదని చెప్పింది. మూడు నెలల్లో తప్పనిసరి నిబంధనలు రాయమంది.

మెరీనా సంగతి చెప్పకపోతే మామయ్య ఊరుకోడు. ఇసకలో చక్రం కదలదు. కొన్నేళ్ల పాటు డిసెంబర్‌లో తాత్కాలికంగా దారి వేసి తీసేసేవారు. 2022 నవంబర్ 27న 263 మీటర్ల శాశ్వతమైన చెక్కదారి తెరిచారు, ఖర్చు కోటీ 14 లక్షలు. రెండు వారాలు తిరక్కుండానే మాండౌస్ తుపాను వచ్చి చివరి భాగాన్ని విరగ్గొట్టింది. 'శాశ్వతం' అన్న మాట మీద ఊరంతా జోకులే. బాగుచేసి మళ్లీ తెరిచాక మేం వెళ్లాం. చెక్కల మీద చక్రాలు టకటకమంటుంటే చివరిదాకా వెళ్లి ఆగాడు. అంతకుముందెప్పుడూ సముద్రాన్ని రోడ్డు మీంచి తప్ప చూడలేదట. జేబులో చెయ్యి పెట్టాడు, టేపు తీస్తాడేమో అనుకున్నాను. కర్చీఫ్ తీశాడు.

పోయిన నెల కొత్త ఎలక్ట్రిక్ బస్సు కూడా ఎక్కించాలని తీసుకెళ్లాను. స్టాపు ముందు వరసగా బైకులు నిలిపేసి ఉండటంతో బస్సు గట్టుకి ఆనుకుని రాలేక నడిరోడ్డులో ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఆనాల్సిన ర్యాంపు పలక రోడ్డు మీదికి దిగి నిటారుగా నిలబడింది. కండక్టర్ ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని తోశాం. లోపల బెల్టు బిగించుకున్నాక మామయ్య టేపు నా చేతికిచ్చాడు. "దిగేటప్పుడు ఆ పలక వాలు కొలిచి రాసుకో" అన్నాడు.