తంబు వేసిన మొక్కజొన్న

అన్న చనిపోతే నాకేం బాధ కలగలేదు అని తంబు అనే ఓ పల్లెటూరి అమ్మాయి చెప్పడంతో మొదలవుతుంది జింబాబ్వే రచయిత్రి త్సిత్సీ డంగరెంబ్గా నవల ‘నెర్వస్ కండిషన్స్’. చదవగానే ఇదేం పిల్ల అనిపిస్తుంది. ఆ మాట అనేదాకా ఆ పిల్ల ఎందుకొచ్చిందో తెలియాలంటే నవల కంటే వెనక్కి వెళ్లాలి.

జింబాబ్వే అప్పట్లో రొడీషియా. 1930 నాటి భూమి చట్టం మంచి నేలల్లో చాలా భాగం తెల్లవాళ్లకు కట్టబెట్టి, నల్లవాళ్లను వాళ్లకని విడిగా గీసిన రిజర్వులకు నెట్టేసింది. అది చాలదన్నట్టు వలస పాలకుల కోర్టులు ఆచారం పేరు చెప్పి నల్లజాతి ఆడవాళ్లను బతికినంత కాలం మైనర్లుగానే చూశాయి, పెళ్లికి ముందు తండ్రి చేతికింద, తర్వాత మొగుడి చేతికింద. ఊళ్లో ఆచారానికి కాస్త పట్టూ విడుపూ ఉంటాయి. కోర్టు కాగితాల్లోకి ఎక్కాక అవీ పోయాయి, నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

నవల్లో తంబు చదువు ఆగిపోతుంది, ఇంట్లో ఉన్న కాస్త డబ్బూ అన్న ఫీజుకే. సరే, నా ఫీజు నేనే కట్టుకుంటానని ఆ పిల్ల సొంతంగా మొక్కజొన్న వేస్తే, కంకులు దొంగిలించి ఫ్రెండ్స్‌కి పంచిపెట్టేది ఆ అన్నే! మిగిలినవి మాస్టారితో కలిసి పట్నంలో అమ్మబోతే ఒక తెల్లావిడ జాలిపడి పది పౌండ్లు ఇస్తుంది. చదువు దొరికింది సరే, ఎవరి దయతో దొరికిందో చూడండి. ఇంగ్లండ్‌లో పెరిగొచ్చిన పెదనాన్న కూతురు న్యాషాది ఇంకో నరకం, తిండి మానేసి చిక్కి శల్యమై చివరికి చరిత్ర పుస్తకాన్ని పళ్లతో చీల్చేస్తుంది. ఆఫ్రికన్లకు ఇలాంటి జబ్బు రాదంటాడు తెల్ల డాక్టరు.

సొంత దేశంలో పబ్లిషర్లు కాదన్న ఈ నవలను 1988లో లండన్‌లో ఆడవాళ్లు నడిపే ప్రెస్ వేసింది.

దేశానికి 1980లో స్వాతంత్ర్యం వచ్చింది, 18 నిండిన ఆడపిల్ల మేజరేనని 1982లో చట్టమూ వచ్చింది. అయినా 1999లో ఒక తండ్రి ఆస్తి కేసులో సుప్రీంకోర్టు పెద్ద కూతుర్ని పక్కనపెట్టి, ఆమె సవతి తమ్ముడికి హక్కు ఇచ్చింది. ఆచారం ఏదైనా సరే, ఆడవాళ్ల హక్కులకు అడ్డొస్తే చెల్లదని రాజ్యాంగంలో స్పష్టంగా రాసుకోవడానికి 2013 దాకా పట్టింది.

తంబు కథకు కొనసాగింపుగా 2018లో వచ్చిన మూడో నవల్లో ఆమెకు నడివయసు. చదువుంది, ఉద్యోగం లేదు. వయసు మీరిందని హరారేలోని లేడీస్ హాస్టల్ వాళ్లు ఖాళీ చేయమంటుంటే, అద్దె గది కోసం తిరుగుతూ కనిపిస్తుంది.