ఒకే రోడ్డు అందరికీ ఒకేలా ఉండదు: ర్యాలీ పోటీల గురించి అపోహలు, వాస్తవాలు

నేను ర్యాలీ నావిగేటర్‌ని. డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని నోట్స్ చదవడం నా పని. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా కోనసీమలో ర్యాలీలు జరగవు. పోటీకి వెళ్లాలంటే కోయంబత్తూరో, చిక్కమగళూరో, నాసికో వెళ్లాలి. అయినా ఫోన్లో వరల్డ్ ర్యాలీ ఛాంపియన్‌షిప్ వీడియోలు చూసే కుర్రాళ్లు ఇప్పుడు భీమవరంలో, రావులపాలెంలో, కాకినాడలో చాలామందే ఉన్నారు. ఊరొచ్చినప్పుడల్లా పట్టుకుని అడుగుతారు. "అన్నా, ఈ ఏడాది టైటిల్ ఎవరు కొడతారు? ఏ టైరు గొప్పది? ఏ టీమ్ గట్టిది?" వాళ్ల ఇష్టం చూస్తే నాకు సంతోషం. కానీ వాళ్ల లెక్కలు ఎక్కువగా తప్పుతుంటాయి. అందరూ ఒకే రోడ్డు మీద నడుపుతున్నారని అనుకోవడమే దానికి కారణం.

అపోహ: ముందు వెళ్లేవాడికి ఖాళీ రోడ్డు దొరుకుతుంది కాబట్టి లాభం అతనికే.

వాస్తవం: ర్యాలీని మూసేసిన రోడ్డు ముక్కల మీద నడుపుతారు. ఒక్కో ముక్కను స్టేజీ అంటారు. అందులో కార్లన్నీ ఒకేసారి బయలుదేరవు. రెండు మూడు నిమిషాలకు ఒకటి చొప్పున వదులుతారు. ఎవరి టైం వాళ్లది. కాబట్టి ఖాళీ రోడ్డు అందరికీ దొరుకుతుంది. తేడా అంతా రోడ్డు పైపొరలో ఉంటుంది.

ఎండిన గ్రావెల్ రోడ్డు మీద సన్నటి కంకర, ఇసుక పరుచుకుని ఉంటాయి. మొదటి కారు దాని మీద జారుతూ, ఊడ్చుకుంటూ పోవాలి. నాలుగైదు కార్లు వెళ్లేసరికి కంకర పక్కకు పోయి, టైరు నడిచే దారిలో కింది గట్టి నేల బయటపడుతుంది. వెనక వచ్చేవాళ్లకు పట్టు దొరుకుతుంది. వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో మొదటి రోజు ముందు వెళ్లాల్సింది పాయింట్ల పట్టికలో మొదట ఉన్నవాడే. అంటే ఎక్కువ గెలిచినవాడే తర్వాతి ర్యాలీలో అందరికీ రోడ్డు ఊడ్చిపెట్టాలి. రెండో రోజు నుంచి ర్యాలీలో వెనకబడ్డవాళ్లను ముందు పంపి, ఆధిక్యంలో ఉన్నవాళ్లను చివర వదులుతారు.

వాన పడితే ఈ లెక్క తలకిందులు. ఇది మన డెల్టా వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆషాఢంలో నల్లమట్టి పుంత మీద తెల్లవారుజామున వెళ్లిన మొదటి ట్రాక్టరు బాగానే పోతుంది. పదో బండి వచ్చేసరికి గాళ్లు పడి, ఇరుసు దాకా దిగబడుతుంది. ర్యాలీలోనూ అంతే. తడి మట్టి మీద ముందు వెళ్లినవాడు బతికిపోతాడు. తారు రోడ్డు మీద కూడా ముందు వెళ్లడమే మంచిది. ఎందుకంటే మలుపుల్లో అందరూ లోపలి అంచు మీద నుంచి కోసుకుంటూ వెళ్లి, అక్కడి మట్టి, రాళ్లు తారు మీదికి లాక్కొస్తారు. వెనకవాళ్లకు ప్రతి మలుపూ జారుడే.

అందుకే ఎవరైనా "ఫలానా ర్యాలీ ఎవరు గెలుస్తారు" అని అడిగితే నేను ముందు మూడు విషయాలు చూస్తాను. అది తారు రోడ్డా, గ్రావెలా, మంచు రోడ్డా? మొదటి రోజు వాన ఉందా? ఎవరు ఎన్నో నంబరులో బయలుదేరుతున్నారు? డ్రైవర్ పేరు ఆ తర్వాతే.

అపోహ: టైరు ఎంత వెడల్పుగా, ఎంత మెత్తగా ఉంటే అంత పట్టు.

వాస్తవం: మా వైపు కారు కొన్న నెలలోపే వెడల్పు టైర్లు, పెద్ద అల్లాయ్ చక్రాలు వేయించడం ఫ్యాషన్. వెడల్పు పనికొచ్చేది తారు మీద. వరల్డ్ ఛాంపియన్‌షిప్ కార్లకు తారు మీద 18 అంగుళాల చక్రాలు వేస్తారు. అదే కారుకు గ్రావెల్ మీద 15 అంగుళాల చక్రాలు. చక్రం చిన్నదైతే టైరు పక్కగోడ ఎత్తుగా ఉంటుంది. రాయి తగిలినప్పుడు ఆ గోడ వంగి దెబ్బ తట్టుకుంటుంది. స్వీడన్ మంచులో ఇంకా సన్నటి టైరు. దానికి 384 ఇనుప మేకులు దిగ్గొట్టి ఉంటాయి. సన్నగా ఉంటేనే కారు బరువు తక్కువ చోట పడి, పైనున్న వదులు మంచును కోసుకుని, కింద గడ్డకట్టిన పొరలో మేకు దిగుతుంది. రెండోసారి అదే స్టేజీకి వచ్చేసరికి మంచు చిరిగి కింద కంకర తేలితే ఆ మేకులు ఊడిపోతాయి. అప్పుడు మొదటిసారి పొదుపుగా నడిపినవాడిదే పైచేయి.

మెత్తదనం సంగతి కూడా చల్లదనం, తడి ఉన్నంతవరకే. ఎండలో రాళ్ల రోడ్డు మీద మెత్తటి టైరు వేస్తే మొదటి స్టేజీలో అద్భుతంగా పట్టుకుంటుంది, మూడో స్టేజీకి రబ్బరు దిమ్మలు చిరిగిపోతాయి. గట్టి టైరు చల్లటి పొద్దున వేస్తే వేడెక్కదు, జారుతుంది. కార్లు బాగుచేసుకునే చోటు, అంటే సర్వీస్ పార్క్ నుంచి బయటికి వెళ్తే మూడు నాలుగు స్టేజీలు పూర్తయ్యాకే మళ్లీ లోపలికి రావడం. కాబట్టి పొద్దున ఏడింటికి పెట్టుకున్న టైరు పదకొండింటి ఎండకూ సరిపోవాలి. పైగా ర్యాలీ మొత్తానికి ఇన్నే టైర్లు అని పరిమితి ఉంటుంది.

ఈ చిక్కు అన్నిటికన్నా ఎక్కువ మోంటే కార్లోలో. లోయలో పొడి తారు, కనుమ పైన గడ్డకట్టిన నీళ్లు, రెండూ ఒకే స్టేజీలో. ఒక్కోసారి రెండు మేకుల టైర్లు, రెండు మామూలు టైర్లు అడ్డదిడ్డంగా, అంటే ముందు ఎడమకు ఒక రకం, వెనక కుడికి అదే రకం పెట్టుకుని వెళ్తారు. పోటీకి ముందు ఒక జట్టు అదే దారిలో వెళ్లి ఎక్కడ ఐసు ఉందో నావిగేటర్ నోట్స్‌లో గుర్తు పెట్టించడం కూడా అక్కడ మామూలే.

ఇక కంపెనీ గొడవ. "ఫలానా బ్రాండు వేసినవాడే గెలుస్తాడు" అనేది వరల్డ్ ఛాంపియన్‌షిప్ పై స్థాయిలో ఇప్పుడు చెల్లని మాట. 2021 నుంచి 2024 దాకా అందరికీ పిరెల్లి, 2025 నుంచి అందరికీ హంకూక్. టైరు ఒకటే అయినప్పుడు లాభం దాన్ని ఎవరు త్వరగా అర్థం చేసుకున్నారనే దాంట్లో ఉంటుంది. యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో మాత్రం కంపెనీల మధ్య పోటీ ఉంది. అక్కడ 2022లో స్పెయిన్ డ్రైవర్ ఎఫ్రెన్ యరేనా మన ఎంఆర్ఎఫ్ టైర్ల మీద ఛాంపియన్ అయ్యాడు. మద్రాసులో పుట్టిన కంపెనీ టైరు యూరప్ రోడ్ల మీద గెలవడం మన దేశంలో ఈ ఆట ఆడే ప్రతి ఒక్కరికీ గర్వంగా ఉండాల్సిన విషయం. దానికి రావాల్సినంత ప్రచారం మన దగ్గర రాలేదు.

పంక్చర్ గురించి ఒక మాట. స్టేజీ మధ్యలో టైరు పోతే మార్చుకోవాల్సింది డ్రైవరూ నావిగేటరే. బయటివాళ్లు చెయ్యి వేయకూడదు. ఆగి మార్చితే సుమారు రెండు నిమిషాలు పోతాయి. సెకన్ల తేడాతో గెలిచే ఆటలో రెండు నిమిషాలంటే ఆ ర్యాలీ మీద ఆశ వదులుకోవడమే. స్టెప్నీ ఒకటి తీసుకెళ్లాలా, రెండా అని టీముల్లో అంత చర్చ జరిగేది అందుకే. రెండోది ధైర్యం ఇస్తుంది, బరువూ పెంచుతుంది.

అపోహ: నావిగేటర్ అంటే దారి చెప్పేవాడు. ఆ పని గూగుల్ మ్యాప్స్ కూడా చేస్తుంది.

వాస్తవం: పోటీకి ముందు రెక్కీలో మామూలు కారులో, పరిమిత వేగంతో ప్రతి స్టేజీని రెండుసార్లు చూడనిస్తారు. ఆ రెండుసార్లలో డ్రైవర్ చెప్తుంటే నావిగేటర్ నోట్స్ రాసుకోవాలి. మలుపు ఎంత పదునైనదో నంబరుతో, మధ్య దూరం మీటర్లతో. "లెఫ్ట్ ఫోర్, డోంట్ కట్, థర్టీ, రైట్ త్రీ ఓవర్ క్రెస్ట్." అంటే ఎడమ మలుపు నాలుగు, లోపలి అంచు కోయకు, ముప్పై మీటర్ల తర్వాత గుట్ట మీద కుడి మలుపు మూడు. పోటీ రోజు ఈ మాటలు మలుపు కన్నా ముందు, కానీ మరీ ముందు కాకుండా డ్రైవర్ చెవిలో పడాలి. గుట్ట అవతల ఏముందో డ్రైవర్‌కు కనపడదు. నా మాట నమ్మి యాక్సిలరేటర్ తొక్కుతాడు.

ఫ్రాన్స్ డ్రైవర్ సెబాస్టియన్ లోబ్ 2004 నుంచి 2012 దాకా వరుసగా గెలిచిన తొమ్మిది ప్రపంచ టైటిళ్లలోనూ పక్క సీట్లో ఉన్నది ఒక్కడే, డేనియల్ ఎలెనా. జంట మారితే కష్టమే, కానీ అసాధ్యం కాదు. బెల్జియం డ్రైవర్ థియరీ నూవిల్ 2021 మోంటే కార్లోకు కొద్ది రోజుల ముందు పాత నావిగేటర్‌తో విడిపోయి, మార్టిన్ వైడాగేను తెచ్చుకున్నాడు. ఆ ర్యాలీలోనే మూడో స్థానం తెచ్చుకున్నారు. 2024లో ఆ ఇద్దరే ప్రపంచ ఛాంపియన్లు.

మన దేశంలో ఈ సీటుకి మంచి పేరు తెచ్చినవాడు కాసరగోడ్‌కు చెందిన మూసా షరీఫ్. ఏ డ్రైవర్ పక్కన కూర్చున్నా ఆ డ్రైవర్ గ్రాఫ్ పెరుగుతుందని మా సర్వీస్ పార్కుల్లో అందరూ అనే మాట.

అపోహ: టీములో ముగ్గురూ పెద్ద స్టార్లయితే టీమ్ టైటిల్ ఖాయం.

వాస్తవం: టీమ్ పాయింట్లకు మూడు కార్ల పేర్లు ఇవ్వొచ్చు. లెక్కలోకి వచ్చేది వాటిలో ముందున్న రెండే. అంటే వేగంగా పోయేవాడితో పాటు, ఏం జరిగినా కారును చివరిదాకా తెచ్చేవాడు కావాలి.

2024 చూడండి. హ్యుండాయ్ మూడో కారును ముగ్గురికి పంచింది. ఎసపెక్క లప్పి, ఆండ్రియాస్ మికెల్సెన్, డానీ సోర్డో. ఏ రోడ్డుకు ఎవరు పనికొస్తారో చూసి పెట్టారు. టొయోటా కూడా అప్పటికే ప్రపంచ ఛాంపియన్లయిన సెబాస్టియన్ ఓజియే, కల్లె రోవన్‌పెరా ఇద్దరినీ కొన్ని ర్యాలీలకే దింపి, ఎల్ఫిన్ ఎవాన్స్‌ను ఏడాదంతా నడిపింది. చివరి ర్యాలీ జపాన్‌లో ఆధిక్యంలో ఉన్న హ్యుండాయ్ డ్రైవర్ ఓట్ టనక్, టైటిల్‌కు నూవిల్‌తో పోటీ పడుతున్నవాడు, ఆదివారం రోడ్డు తప్పాడు. దాంతో డ్రైవర్ టైటిల్ అతని టీమ్‌మేట్ నూవిల్‌కు ఖాయమైంది. కానీ టీమ్ టైటిల్ హ్యుండాయ్ చేతిలోంచి జారి 3 పాయింట్ల తేడాతో టొయోటాకు పోయింది. ఒకే ఒక్క తప్పు ఒక టైటిల్ ఇచ్చి, ఇంకోటి లాక్కుంది.

అన్ని ర్యాలీలూ ఆడనివాడికి నష్టమే అనుకోవడమూ సరి కాదు. పాయింట్లు తక్కువ ఉన్నవాడు మొదటి రోజు వెనక బయలుదేరతాడు, గ్రావెల్ మీద ఊడ్చిన రోడ్డు దొరుకుతుంది. 2025లో ఓజియే 14లో 11 ర్యాలీలే ఆడి, ఎవాన్స్‌ను 4 పాయింట్ల తేడాతో దాటి తొమ్మిదో టైటిల్ తీసుకున్నాడు. దీన్ని అదృష్టం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దొరికిన రోడ్డును ప్రతిసారీ గెలుపుగా మార్చుకోవడం అందరికీ వచ్చే పని కాదు.

అపోహ: పదేళ్లకే స్టీరింగ్ పట్టకపోతే ఇక ఛాన్స్ లేదు.

వాస్తవం: కల్లె రోవన్‌పెరా 2022లో 22 ఏళ్ల 1 రోజు వయసులో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, నిజమే. తండ్రి ర్యాలీ డ్రైవర్, చిన్నప్పుడే కారు చేతికొచ్చింది. కానీ లోబ్ అంతకుముందు జిమ్నాస్ట్, మొదటి టైటిల్ 30 ఏళ్లకు. ఓజియే స్కీయింగ్ నేర్పేవాడు. నూవిల్ అయిదుసార్లు రెండో స్థానంలో ఆగిపోయి, 36 ఏళ్లకు గెలిచాడు. యువకుల్లో నా కళ్లు ఆలివర్ సోల్‌బర్గ్ మీద ఉన్నాయి. 2025 ఎస్తోనియాలో టొయోటా పెద్ద కారు మొదటిసారి చేతికి ఇస్తే ఆ ర్యాలీయే గెలిచేశాడు.

మన దగ్గర గౌరవ్ గిల్ 2013, 2016, 2017లో ఆసియా పసిఫిక్ ఛాంపియన్. 2019లో అర్జున అవార్డు, మోటార్ స్పోర్ట్స్‌లో మొదటిది. తెలుగువాళ్లలో హైదరాబాద్‌కు చెందిన నవీన్ పుల్లిగిల్ల ఉన్నాడు. అడ్డం వచ్చేది వయసు కాదు, డబ్బు. టైర్లు, విరిగిన సస్పెన్షన్, ప్రయాణం, సర్వీస్ టీమ్, అన్నీ సొంత ఖర్చే. అందుకే మన కుర్రాళ్లకు నేను చెప్పేది: ముందు టీఎస్‌డీ (టైమ్, స్పీడ్, డిస్టెన్స్) ర్యాలీ ఆడండి. మామూలు కారు చాలు. చెప్పిన సగటు వేగంతో, తొందరపడకుండా, ఆలస్యం కాకుండా కంట్రోల్ పాయింట్లు, అంటే టైం నమోదు చేసే చోట్లు దాటాలి. లెక్క వచ్చినవాడు అక్కడే తెలిసిపోతాడు.

అపోహ: ఇది ఆడవాళ్లు ఆడేది కాదు.

వాస్తవం: ఫ్రాన్స్ డ్రైవర్ మిషెల్ మూటన్ 1981లో వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లోని సాన్‌రెమో ర్యాలీ గెలిచింది. నావిగేటర్ ఫాబ్రీజియా పోన్స్ కూడా మహిళే. మరుసటి ఏడాది మూడు ర్యాలీలు గెలిచి ప్రపంచంలో రెండో స్థానం.

అపోహ: కాలువ గట్టు మీద రాత్రిపూట స్పీడుగా కొడితే ర్యాలీ ప్రాక్టీస్ అవుతుంది.

వాస్తవం: ఇది చదివి మీరు నా మీద కోపం తెచ్చుకున్నా ఫర్వాలేదు. ర్యాలీ స్టేజీ అంటే మూసేసిన రోడ్డు. పోటీ మొదలయ్యే ముందు జీరో కారు వెళ్లి అడ్డం ఎవరూ లేరని చూస్తుంది. కారు లోపల బోల్తా పడినా కాపాడే ఇనుప చట్రం (రోల్ కేజ్), భుజాల మీదుగా బిగించే బెల్టులు, మెడ కాపాడే పరికరం, హెల్మెట్, మంటలార్పే సిలిండర్. అంబులెన్స్ సిద్ధంగా ఉంటుంది. మన గట్టు రోడ్డుకు ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను. రెయిలింగ్ ఉండదు, ఎదురుగా లైటు లేని సైకిల్ వస్తుంది. కారు కాలువలో పడితే నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. ర్యాలీలో రెండు స్టేజీల మధ్య మామూలు రోడ్ల మీద వెళ్లేటప్పుడు ట్రాఫిక్ రూల్స్ ప్రపంచ ఛాంపియన్‌కూ వర్తిస్తాయి. కంట్రోల్‌కు ఒక నిమిషం ముందు చేరినా నిమిషం పెనాల్టీ వేస్తారు. లేటుకు నిమిషానికి 10 సెకన్లే.

నిజంగా నేర్చుకోవాలనుంటే దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను నడిపే సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ గుర్తింపున్న క్లబ్బులు పెట్టే ఆటోక్రాస్ (మూసేసిన మైదానంలో టైం కొలిచే చిన్న పోటీ), టీఎస్‌డీ పోటీలకు రండి. డ్రైవర్‌గా డబ్బు లేకపోతే సర్వీస్ టీములో చేరండి, లేదా నావిగేటర్‌గా మొదలుపెట్టండి. నేను మొదలుపెట్టింది అలాగే. నోట్స్ రాయడం నేర్పమంటే నేర్పుతాను. మారేడుమిల్లి ఘాట్ మీద పగలు, 30 వేగంతో, పక్క సీట్లో కూర్చుని రాయడం సాధన చేయొచ్చు. మలుపుల నంబర్లు తప్పు లేకుండా పడటానికి చాలామందికి కొన్ని నెలలు పడుతుంది.