సిమ్ గొడవ వెనక 2018 జులై

రిజిస్టర్ చేసిన సిమ్ ఫోన్‌లో లేకపోతే వాట్సాప్ పనిచేయకూడదు. కంప్యూటర్‌లో తెరిచిన వాట్సాప్ వెబ్ ఆరు గంటలకోసారైనా దానంతటదే లాగౌట్ అయిపోవాలి. టెలికాం శాఖ 2025 నవంబర్ 28న ఇచ్చిన ఆదేశం క్లుప్తంగా ఇదే. టెలిగ్రామ్, సిగ్నల్ లాంటి యాప్‌లకూ ఇదే వర్తిస్తుంది. గడువు 90 రోజులన్నారు. దాంతో పాత పంచాయితీ మళ్ళీ రచ్చకెక్కింది. మెసేజ్ వెనకున్న మనిషి ఎవరో చెప్పాల్సింది ఎవరు, ఎంతవరకు చెప్పాలి?

మా వీధి చివర చీరల షాపు ఉంది. కౌంటర్ మీద పాత కంప్యూటర్, అందులో పొద్దున్నుంచి రాత్రి దాకా వాట్సాప్ వెబ్. ఓనరమ్మ ఫోన్‌లో చీర ఫొటో తీస్తుంది, కౌంటర్ దగ్గరున్న అమ్మాయి రేటు రాసి గ్రూపుల్లో పెడుతుంది, పేమెంట్ స్క్రీన్‌షాట్ రాగానే పార్శిల్ కడుతుంది. ఆరు గంటల రూల్ గురించి చెబితే ఆ అమ్మాయి మొదట అడిగింది ఒకటే: "అక్క ఫోన్ తీసుకుని ఊరెళ్తే మళ్ళీ స్కాన్ ఎవరు చేస్తారండీ?"

వాట్సాప్ ఎలా పుట్టింది, ఫేస్‌బుక్ ఎంతకు కొనుక్కుంది అన్నవి అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. 2016 ఏప్రిల్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ పూర్తిగా వచ్చిందని గుర్తుంటే చాలు. పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప మధ్యలో కంపెనీ కూడా చదవలేదు. దీని మీద ప్రభుత్వానికి చిరాకు ముందు నుంచీ ఉన్నా, అది చట్టం దాకా వెళ్ళింది మాత్రం 2018 జులైలో జరిగిన వాటి వల్లే.

జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో భిక్షాటన చేసుకునే సంచార కులస్థులు ఐదుగురిని పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళనుకుని కొట్టి చంపారు. జులై 13న బీదర్ జిల్లాకు వెళ్ళిన హైదరాబాద్ స్నేహితుల వంతు వచ్చింది. దారిలో బడి పిల్లలకు చాక్లెట్లు పంచారు. వాళ్ళలో ఖతార్ నుంచి వచ్చిన ఒక అతిథి కూడా ఉన్నాడు. అనుమానించి ఎవరో గ్రూపులో పెట్టారు. వాళ్ళ కారు ముర్కి గ్రామం చేరేలోపే కబురు అక్కడికి చేరింది. రోడ్డుకు అడ్డం పెట్టారు, కారు బోల్తా పడింది. కాపాడబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఒకరు చనిపోయారు. అరెస్టయిన వాళ్ళలో ఆ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు.

అక్కడి నుంచి అన్నీ వెంటవెంటనే జరిగిపోయాయి. జులై 17న తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు మూకదాడులపై తీర్పిచ్చింది. మూకదాడుల్ని ఆపే బాధ్యత చూసుకునే నోడల్ అధికారి జిల్లాకొకరు ఉండాలని, ఆ అధికారి హోదా ఎస్పీకి తగ్గకూడదని చెప్పింది. రెండు రోజులకు ఐటీ శాఖ వాట్సాప్‌కు ఆ నెలలోనే రెండో నోటీసు పంపింది. పుకార్లు పాకుతుంటే చూస్తూ కూర్చుంటే మిమ్మల్నీ నేరానికి సహకరించినట్టే చూడాల్సి వస్తుందని అందులో హెచ్చరించింది, మెసేజ్ జాడ చెప్పే ఏర్పాటూ అడిగింది. ఆ వెంటనే వాట్సాప్ మన దేశం వరకు ఫార్వర్డ్‌ను ఒక్కసారికి ఐదు చాట్‌లకు పరిమితం చేస్తామంది.

నా లెక్కలో మలుపు ఇదే. అప్పటిదాకా అడుగుతున్న ప్రశ్న "జనం ఎందుకు నమ్ముతున్నారు" అన్నది. ఆ వారం తర్వాత అది "మొదట పంపిందెవడు" అయింది. మొదటిది పోలీసులు, పంచాయతీలు, బడులు తేల్చుకోవాల్సిన విషయం. రెండోది కంపెనీ నెత్తిన పెట్టేయొచ్చు.

మొదటి ప్రశ్నకు జవాబు దొరకలేదా అంటే దొరికింది. అదీ మన దగ్గరే, ఆ జులైకి మూడు నాలుగు నెలల ముందే. వేసవిలో పల్లెల్లో ఆరుబయట మంచాలేసుకుని పడుకోవడం మామూలు. 2018 మార్చి చివర్లో జోగులాంబ గద్వాల జిల్లాలో ఊళ్ళకు వెళ్ళిన కానిస్టేబుళ్ళు ఒకటి గమనించారు. ఉక్కపోస్తున్నా జనం బయట పడుకోవడం లేదు, పొద్దుపోకముందే తలుపులు వేసుకుంటున్నారు. ఆరా తీస్తే ఫోన్లలో భయంకరమైన వీడియోలు, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందన్న ఆడియోలు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గద్వాల, వనపర్తి జిల్లాల్లోని సుమారు 400 ఊళ్ళలో పోలీసులను ఇంటింటికీ తిప్పారు. డప్పు వేయించి, పాటలు కట్టించి, ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో కానిస్టేబుళ్ళు కూడా చేరారు. అనుమానం వస్తే అక్కడే అడగొచ్చు, జవాబు అక్కడే వస్తుంది.

అదే ఏడాది మే నెలలో, పిల్లల్ని ఎత్తుకుపోయే 'పార్థీ గ్యాంగ్' తిరుగుతోందన్న పుకారుకు తెలంగాణలో మరికొన్ని చోట్ల ప్రాణాలు పోయాయి. చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. రెమా రాజేశ్వరి చూసుకున్న ఊళ్ళలో మాత్రం ఒక్కరూ చనిపోలేదు. ఈ పనికి ఎన్‌క్రిప్షన్ అడ్డం రాలేదు. కానీ డప్పు కొట్టించడం ఢిల్లీ నుంచి నోటీసు పంపినంత తేలిక కాదు కదా.

ఇక ప్రభుత్వ వాదన. ఫార్వర్డ్ మీద లేబుల్ వేసి, సంఖ్య తగ్గించి చేతులు దులుపుకుంటే కుదరదని, ప్రాణాలు పోతున్నప్పుడు మూలం ఎవరో తెలియాలని అప్పటి ఐటీ మంత్రి రవిశంకర్ ప్రసాద్ ఆ ఆగస్టులో వాట్సాప్ అధిపతి క్రిస్ డేనియల్స్‌కు ముఖాముఖి చెప్పారు. ఈ పట్టుదలే 2021 ఫిబ్రవరి 25 నాటి ఐటీ రూల్స్‌లో 4(2) నిబంధనగా తేలింది. 50 లక్షలు దాటి యూజర్లున్న మెసేజింగ్ కంపెనీలు, తీవ్రమైన నేరాల్లో కోర్టు గానీ అధికారం ఉన్న సంస్థ గానీ ఆదేశిస్తే, మెసేజ్ మొదట పంపినవారెవరో చెప్పాలి. మెసేజ్‌లో ఏముందో చెప్పనక్కర్లేదు, పేరు చాలు అంటుంది ప్రభుత్వం.

వాట్సాప్ ఆ మేలోనే ఢిల్లీ హైకోర్టుకెళ్ళింది. ఏ మెసేజ్ గురించి ఎప్పుడు అడుగుతారో తెలియదు కాబట్టి అందరి మెసేజ్‌లకూ వేలిముద్ర లాంటి గుర్తు వేసి దాచాల్సి వస్తుందన్నది దాని వాదన. ఎన్‌క్రిప్షన్ తీసేయమంటే ఇక్కడి నుంచి వెళ్ళిపోతామని 2024 ఏప్రిల్‌లో దాని లాయరు కోర్టులోనే అన్నారు. బెదిరింపు అన్నవాళ్ళున్నారు. అలాగని వాట్సాప్‌ను అమాయకురాలిగా చూడనక్కర్లేదు. ఒకపక్క ఫార్వర్డ్ ఐదుకు కుదించి, ఇంకోపక్క గ్రూపు సైజును 256 నుంచి 1,024కి పెంచింది, చానళ్ళు పెట్టింది.

4(2)లో పెద్దగా ఎవరూ పట్టించుకోని వాక్యం ఒకటుంది. మెసేజ్ విదేశంలో పుట్టినదైతే, మన దేశంలో మొదట పంపినవారినే మూలపురుషుడిగా లెక్కించాలట. 2018లో బాగా తిరిగిన వీడియో గుర్తుందా? బైకు మీద వచ్చిన ఇద్దరు ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్ళు బాబును తిరిగి తెచ్చి దించేసి, అట్ట మీద హెచ్చరిక చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేసి వదిలారు. కోసింది దేశం బయటివాడైతే ఈ రూల్ ప్రకారం దొరికేది అతను కాదు, ఇక్కడ మొదట హడలిపోయి పంపిన మనిషి.

ఇప్పటి సిమ్ ఆదేశం ఎన్‌క్రిప్షన్ జోలికి పోదు, నిజమే. సిమ్ తీసేశాక కూడా నడిచే భారతీయ నంబర్లతో విదేశాల నుంచి డిజిటల్ అరెస్టు మోసాలు (పోలీసులమని ఫోన్‌లో బెదిరించి డబ్బు గుంజడం) చేస్తున్నారని టెలికాం శాఖ అంటోంది. ఆ మోసాల్లో రిటైర్మెంట్ డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. టెలికాం కంపెనీల సంఘం ఆదేశాన్ని సమర్థించింది. గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళు చాలామంది ఇక్కడి నంబరుతోనే వాట్సాప్ వాడతారు, ఆ సిమ్ ఏ పర్సులోనో ఉంటుంది. వాళ్ళ సంగతేమిటన్నది ఆదేశంలో కనిపించదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30 నుంచి మన మిత్ర పేరుతో సర్టిఫికెట్లు కూడా వాట్సాప్‌లోనే ఇస్తోంది. ఆదేశం ఏదైనా దాని ప్రభావం అక్కడిదాకా పోతుంది.

కరాచీ వీడియో నాకు పంపింది మా పిన్ని. "ఎక్కడిది పిన్నీ?" అంటే, స్కూల్ వ్యాన్ తల్లుల గ్రూపులో వచ్చిందంది. ఆ గ్రూపులోకి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు, అడగాలనీ తోచలేదు. ఆమె సిమ్ అప్పుడూ ఆమె ఫోన్‌లోనే, ఆమె పేరు మీదే ఉంది.